దుప్పటికి రెండో కొస

మా అమ్మ భూమక్క పోయిన రెండేళ్లకు, కంది పూత మీద ఉన్న రోజుల్లో, సాలవ్వ చిన్నమ్మ ఎల్లారెడ్డిలోని నా కుట్టు దుకాణానికి వచ్చింది. చంకలో పాత దుప్పటి ఉంది. చిరుగు కుట్టించడానికేమో అనుకుని చెయ్యి చాపాను.

"కుట్టుడు కాదు పద్మా. రేపు పొద్దుగాల మా చేన్ల ఈ దుప్పటికి ఒక కొస పట్టుకోవాలె," అంది.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కందికి కాయతొలుచు పురుగు పడితే ఆమె, మా అమ్మ సాలుకు చెరో పక్క నిలబడి, మొక్కల కింద దుప్పటి పట్టి, రెండో చేత్తో కొమ్మలు దులిపేవాళ్లు. ఊళ్లో ఎవరి చేనుకు పురుగు పట్టినా ఈ జోడీకే కబురు. రాలిన పురుగులు కోళ్లకు వేసి, ఏదో చెప్పుకుని నవ్వుతూ ఇల్లు చేరేవాళ్లు. ఆ నవ్వు వీధి మలుపు నుంచే వినిపించేది. ఎన్ని రోజులైందో అలాంటి నవ్వు విని.

"అరుణ్ మందు డబ్బ తెచ్చిండు," అంది చిన్నమ్మ. కామారెడ్డిలో కొలువు చేసే కొడుకు సంగతది. "పూత నిండ తేనెటీగలున్నయిరా, ఇప్పుడు కొడితే అవి సచ్చిపోతయి అంటే నా మాట ఇంటలేడు. రేపు దులుపుకుంటె సరే, లేకుంటె ఎల్లుండి కొడత అన్నడు. మనిషి దొరుకుతలేదు బిడ్డా."

దాచడమెందుకు, పురుగంటే నాకు ప్రాణం పోతుంది. చిన్నప్పుడు ఒకసారి అమ్మ చేనుకు తీసుకుపోతే దుప్పటి పడేసి ఉరికాను. "గింత పురుగుకే గిట్ల ఉరికితె ఎట్ల బతుకుతవే," అని అమ్మ వారం దెప్పింది. నలభై దాటినా ఆ మాట నన్ను పొడుస్తూనే ఉంది. అయినా అమ్మ జోడీ వచ్చి అడిగితే కాదనడానికి నోరు రాలేదు.

తెల్లారే చేన్లో ఉన్నాం. పన్నెండు సాళ్లు. మొదటి మొక్క దులపగానే పచ్చటి పురుగులు టపటపా రాలాయి. వాటితో పాటు పడిన సాలీడును, ఎర్రటి అక్షింతల పురుగును చిన్నమ్మ వేలితో ఏరి మళ్లీ కొమ్మ మీద పెట్టింది. "ఇవి మనోళ్లే, చేనును కాస్తయి," అంది. నేను దుప్పటి వైపు చూడకుండా తలూపాను.

సగం సాలు దాటేసరికి ఒక పురుగు నా మణికట్టు మీదికి పాకింది. కొస జారిపోయింది. రాలిన పురుగులన్నీ మట్టిలో పడ్డాయి. సిగ్గుతో ఏడుపు వచ్చింది.

"నాతోని కాదు చిన్నమ్మా. నేను మా అమ్మను కాదు."

ఆమె కోప్పడలేదు. దుప్పటి దులిపి, నెమ్మదిగా చెప్పింది.

"మీ అమ్మకు నీకంటె భయం. కొస పట్టుకోని కండ్లు మూసుకునేది, నేను గుంజినట్ల నడిచేది. ఇరవై ఏండ్లు గట్లనే దులిపినం. బిడ్డకు చెప్పకు, అది సుత భయపడ్తది అని నాతోని ఒట్టేయించుకున్నది."

ముందు అమ్మ మీద కోపం వచ్చింది. వారం రోజులు ఎంత దెప్పింది నన్ను! ఆ వెంటనే అమ్మ కావాలనిపించింది, చిన్నపిల్లకు కావాలనిపించినట్టు.

వంగి కొస తీసుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

"గుంజు చిన్నమ్మా," అన్నాను.

పొద్దెక్కింది. చెవి పక్కనే తేనెటీగల చప్పుడు మొదలైంది. పన్నెండు సాళ్లూ అయ్యేదాకా నేను కళ్లు తెరవలేదు.