సాంచెల షెడ్డులో బిర్యానీ

నోరు పెద్దదని పేరు తెచ్చుకున్న నేను నోరెళ్లబెట్టిన రోజు ఒకటుంది.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటాం. మా వీధిలోని సాంచెల షెడ్డు మూతపడి, అదే చోట అద్దాల తలుపుల ఫ్యామిలీ రెస్టారెంటు వెలిసింది. ఆ షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసిన మా బాపుకు సాంచెల చప్పుడుకే చెవులు పోయాయి. పని పోయాక మాట కూడా మానేశాడు. నేను ఎంత అరిచి అడిగినా తల తిప్పుకునేవాడు. బిర్యానీ తినిపిస్తే మనసు మారుతుందేమోనని ఒక ఆదివారం బలవంతంగా అక్కడికి తీసుకెళ్లాను.

కూర్చున్నామో లేదో, వంటగది గుమ్మంలో నిలబడ్డ నడివయసు సర్వరు బాపును చూసి వేళ్లు ఆడించడం మొదలుపెట్టాడు. నాకు మండింది.

"ఏందయ్యా, చెవిటోడని ఎక్కిరిస్తున్నవా? పిలువు మీ ఓనర్ను!"

హాలంతా మావైపు తిరిగింది. తీరా చూస్తే బాపు కూడా చేతులు ఆడిస్తున్నాడు, పైగా నవ్వుతున్నాడు! ఎవరిని తిట్టాలో తెలియలేదు. సర్వరే దగ్గరికొచ్చాడు.

"కోపం చెయ్యకు అక్కా. మీ బాపు పక్క సాంచెలు నేనే నడిపిన. షెడ్డు బందైనంక సాంచెల పనికే మహారాష్ట్రల భీవండి పోయి మొన్ననే అచ్చిన. గా సప్పుడుల మాట ఇనపడదు గదా, సైగలతోనే మాట్లాడుకుంటుంటిమి. అన్నం తిన్నవా అని అడిగిన, గంతే."

ఆ సైగ అక్కడికక్కడే నేర్చుకున్నాను. మర్నాడు బాపు ముందు నిలబడి చేశాను. ఆయన పకపకా నవ్వాడు.

"గట్ల కాదు బిడ్డా. దారం తెగిందంటున్నవ్ నువ్వు."

ఎన్నో నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. నన్ను తప్పుపడితే ఎవరినీ వదలనిదాన్ని, మర్నాడు కావాలనే మళ్లీ తప్పుగా చేశాను.