ఆరు కాళ్ళ ఏనుగు, దాని కూలీ

"ఏమయ్యా, డాక్టరుగారి మెట్లు తెచ్చి సముద్రంలో కలుపుతావా? కళ్ళు నెత్తికెక్కాయా?"

"పొరపాటైంది మేస్త్రీ."

"నిన్నా పొరపాటే, ఇవాళా పొరపాటే. ఇట్లా అయితే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

"అట్లా అనకండి మేస్త్రీ. పిల్లలు గలవాణ్ణి."

"ఎంతమంది?"

"ఒక్కతే. కానీ పదిమంది పెట్టు."

వాన హోరులో గొంతులు సరిగా తెలియలేదు. పక్క వాటాలో ఉండే పెయింటరన్న మీదికి ఎవడో ఇంటికొచ్చి మరీ ఎగురుతున్నాడనుకున్నాను. చదువు మధ్యలో మానేసి పగలంతా ఇంట్లోనే ఉంటున్న నాకు ఇంకేం పని? మధ్యలో దూరి వాణ్ణి నాలుగు కడిగేద్దామని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. తలకు తువ్వాలు చుట్టుకుని, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ మేస్త్రికి తొమ్మిదేళ్ళు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ కూలీ ఆ పిల్ల తండ్రి.

"పని జరుగుతోంది బాబాయ్. చెప్పులు బయట విడువు" అంది మేస్త్రి.

గోడలకు రంగులు వేసేవాడికి వాన పడితే పని ఉండదు. వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే పిల్లకు బడి ఉండదు. పిల్ల తల్లి, మా వదిన, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది కాబట్టి ఆవిడకు వానా లేదు, ఎండా లేదు. పని లేని రోజున మా వీధి మగాళ్ళు ముసుగుతన్ని పడుకుంటారు, లేదా ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటారు. ఈయన మాత్రం మంచం పక్కకు జరిపి, నేల మీద పాత పేపర్లు పరిచి, రంగు డబ్బాల మూతలు తీస్తాడు. ఇక సాయంత్రం వరకూ కూతురు మేస్త్రి, తాను కూలీ.

ఆ రంగులు వాళ్ళ ఇళ్ళలో వీళ్ళ ఇళ్ళలో వేయగా మిగిలినవి. వాటికి ఆ ఇంట్లో ఎరుపు, పచ్చ అనే పేర్లు లేవు. లేత ఆకుపచ్చ 'డాక్టరుగారి మెట్లు'. నీలం 'బడి వరండా'. ఒక రకం గులాబీ 'కొత్త జంట వంటిల్లు'. కిటికీకి ఎదురుగా ఉన్న పొడుగాటి గోడ వాళ్ళది. ఇంటి ఓనరు ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. నెల మొదటి తారీఖున తాను వచ్చేసరికి గోడ తెల్లగా ఉండాలి. అందుకని వాళ్ళు వాడేవన్నీ నీళ్ళలో కలిపే రంగులే. నెలాఖరున తెల్ల రంగు ఒక్కసారి పూస్తే కొండలూ పడవలూ మాయం. పిల్ల ఎప్పుడూ బాధపడలేదు. పాత పని చెరిపితేనే కదా కొత్త పని దొరికేది.

ఈ నెల మాత్రం కథ అడ్డం తిరిగింది. ఇన్నాళ్ళూ బొమ్మకు గీత తండ్రి గీసేవాడు, లోపల రంగు పిల్ల నింపేది. ముసురు నాలుగో రోజున పిల్ల సుద్దముక్క లాక్కుని, మొదటిసారి తనంతట తానే ఒక ఏనుగును గీసింది. దానికి ఆరు కాళ్ళు.

"మేస్త్రీ, ఏనుగుకు నాలుగే ఉంటాయి" అన్నాడు కూలీ.

"మిగతా రెండూ అలిసిపోయినప్పటికి. నిన్నెవరడిగారు? ఆ ఎర్రది తే."

ఎర్రది ఎవరిదో గేటుకు వేయగా మిగిలిన ఆయిలు పెయింటు. మూత తీయగానే వాసన గుప్పుమంది. ఇరవై ఏళ్ళుగా రంగుల్లో బతుకుతున్నవాడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. "మేస్త్రీ, ఇది..." అని మొదలుపెట్టాడు కూడా. "నోరు మూసుకుని వెయ్యి" అంది మేస్త్రి. నోరు మూసుకుని వేశాడు. పనిలో అసలు మేస్త్రి అరిచినప్పుడు ఎలా వేస్తాడో అలాగే వేశాడు, రెండు పూతలు, ఎక్కడా చార పడకుండా.

నెలాఖరు రోజున తెల్ల రంగు వేస్తే, కొండలు పోయాయి, సముద్రం పోయింది, ఏనుగు మాత్రం పోలేదు. మళ్ళీ వేశాడు. ఆరగానే తెలుపు పొరలు పొరలుగా లేచింది. దాని కింద ఏనుగు ముందుకన్నా ఎర్రగా నవ్వుతోంది.

"ఆయిలు పెయింటు మీద నీళ్ళ రంగు నిలవదు. ఉప్పుకాగితం పెట్టి గోకాల్సిందే. గంట పని" అన్నాడు నాతో.

అప్పటివరకూ స్టూలు మీద కాళ్ళూపుతూ కూర్చున్న పిల్ల కాళ్ళూపడం ఆపింది. "దీన్ని చెరపొద్దు నాన్నా" అంది. రోజంతా కూలీ కూలీ అని పిలిచిన నోటితో నాన్నా అంది.

"రేపు ఓనరుగారు వస్తారమ్మా."

"రానీ. ఇది నేనే గీశాను కదా, అంతా నేనే."

ఆయన ఉప్పుకాగితం మడిచి తోక చివర రెండుసార్లు రుద్దాడు. ఎర్ర పొడి రాలింది. పిల్ల ఏడవలేదు, అరవలేదు, చూస్తూ కూర్చుంది. లోకంలో ఎన్ని వందల గోడలు గోకి ఉంటాడో ఆ మనిషి. అక్కడితో చెయ్యి ఆగిపోయింది. కాగితం జేబులో పెట్టుకుని, నన్ను చెయ్యిపట్టి వసారాలోకి తీసుకొచ్చాడు. చూరు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మనిషి బెంగగా ఉంటాడనుకున్నాను. లోపలి నుంచి నవ్వు తన్నుకొస్తున్నవాడిలా ఉన్నాడు.

"ఆరు కాళ్ళు వేసినా ఒక్క గీత వణకలేదు, చూశావా?" అన్నాడు.

"చూశాను. మరి ఓనరుకు ఏం చెప్తావన్నా?"

"అదే తమ్ముడూ. నేను నోరు తెరిస్తే 'సరేనండి' తప్ప ఇంకోటి రాదు. తొమ్మిదేళ్ళ పిల్లకే ఎదురు చెప్పలేకపోయాను. రేపు పొద్దున నువ్వొచ్చి మా గుమ్మంలో నిలబడి చెప్పు. ఏనుగు అక్కడే ఉంటుంది, మేం ఇల్లు ఖాళీ చేసే రోజున నేనే గోకి, నాలుగు గోడలకూ తెల్ల రంగు వేసిస్తానని చెప్పు. మర్యాదగానే చెప్పు. కానీ మరీ నా అంత మర్యాదగా వద్దు."