చెప్పని దురద

నేను దోమల మీద పరిశోధన చేస్తున్న రోజులవి. లాబ్‌లో రోగాలేవీ లేని దోమలను పెంచేవాళ్లం. గుడ్లు పెట్టాలంటే ఆడదోమకు రక్తం కావాలి. తెరగుడ్డ చుట్టిన బోనులో రోజూ కాసేపు చెయ్యి పెట్టి కుట్టించుకోవాలి. ఆ పని నాదే. కానీ నా ఒళ్లు దోమకాటుకు తట్టుకోదు. ఒక్కొక్కటీ రూపాయి బిళ్లంత ఉబ్బేది.

హాస్టల్లో నా గదిలోనే ఉండే ఎంఏ అమ్మాయి ఒకరోజు నా చెయ్యి చూసింది.

"ఇదేందక్కా, గిట్లయింది? రేపటి సంది నేను పెడ్త తియ్యి. మా ఊర్ల దోమలు అలవాటే. నాకు దురద గిరద ఏం పెట్టదు."

వద్దనాలి. "నిజంగానా?" అని మాత్రం అన్నాను. అది కూడా అడిగినట్టుంటుందని అడిగాను.

మూడు వారాలు వచ్చింది. ఒక చెయ్యి బోనులో పెట్టి, రెండో చేత్తో నోట్సు తిప్పుకుంటూ చదువుకునేది. అయిపోగానే కుర్తా చేతులు కిందికి లాక్కుని క్లాసుకు వెళ్లిపోయేది. గుడ్లు బాగా వచ్చాయి. మా సారు నన్ను మెచ్చుకున్నారు.

ఒక మధ్యాహ్నం మెస్ వెనక నల్లా దగ్గర కనిపించింది. ఐసు ముక్కను చున్నీలో చుట్టి మోచేతి కింద అద్దుకుంటోంది. కళ్లు గట్టిగా మూసుకుంది. చెయ్యంతా దద్దుర్లు. గోకిన చోట్ల తోలు లేచి, రెండు చోట్ల చీము పట్టింది.

"దురద పెట్టదన్నావు కదా?"

ఉలిక్కిపడింది. "పెట్టకుంటెట్లుంటదక్కా? చెప్తె నీ పని ఆగుతదని చెప్పలే."

ఆటోలో తార్నాకలోని ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు ఆ చెయ్యి తిప్పి చూసి, "గిన్ని దోమలు ఎక్కడియమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "హాస్టల్ కిటికీకి జాలీ లేదు సార్," అంది తను. లాబ్ సంగతి చెప్పొచ్చు. సారుకు తెలిస్తే ఏమవుతుందోనని ఊరుకున్నాను.

గదికొచ్చాక పుండ్లకు మందు రాసి, దద్దుర్ల మీద గులాబీ రంగు లోషన్ దూదితో అద్దాను.

"సల్లగున్నదక్కా," అని నవ్వింది.

మర్నాటి నుంచి బోనులో నా చెయ్యే పెట్టాను. ఆమె చేతికి రెండు నల్లమచ్చలు మిగిలాయి. ఇప్పుడు బౌద్ధనగర్‌లో ఉంటూ టీచరుగా చేస్తోంది. మొన్న ఫోన్లో క్షమించమని అడగబోతే, "ఏ, ఊకో అక్కా, గదెప్పటి ముచ్చట!" అని మాట మార్చేసింది. మనసు తేలిక పడుతుందేమో అనుకున్నాను. పడలేదు.