వాళ్ళనడిగారా?

మా మామయ్యకు ఒక్కటే జబ్బు. ఎవరినైనా ఏమని పిలవాలో వాళ్ళనే అడగందే పిలవడు. మ్యూజియంలో వస్తువుల ముందు పెట్టే పేరు అట్టలు రాయడం ఆయన పని. పక్క గదిలో గుమాస్తాను కనుక ఆ జబ్బును పదేళ్ళుగా నేనే భరిస్తున్నాను. ఎవరేమన్నా "వాళ్ళనడిగారా?" అంటాడు. అందుకే మేమంతా ఆయన్ని 'అడిగారా మామయ్య' అంటాం.

ఇంట్లో కుక్కపిల్లకు రోజుకో పేరు పెట్టి పిలిచి, అది తోక ఊపేదాకా ఆగాడు. మూడు నెలలు అది పేరు లేకుండానే అన్నం తింది. "ఇంకా నయం, మన పిల్లలకు మాటలొచ్చేదాకా ఆగలేదు" అంది అత్తయ్య.

ఈమధ్య మ్యూజియంలో కొత్త గది సిద్ధమైంది. అన్నీ ఏటి ఒడ్డువాళ్ళ బుట్టలూ వలలూ. అట్ట మాత్రం ఖాళీ. డైరెక్టర్ గారికి ఒళ్ళు మండింది.

"ఆటవికులని రాసెయ్యండి."

"అది మనం తిట్టడానికి వాడే మాటండీ."

"పోనీ, గిరిజనులు."

"వాళ్ళుండేది ఏటి ఒడ్డున. కొండ ఎక్కణ్ణుంచి తేను?"

"ఆదివాసులు?"

"మంచిమాటే. మొదట్నుంచీ ఉన్నవాళ్ళని అర్థం. కానీ అందులో వందరకాల జనం ఉన్నారు. వీళ్ళెవరు? అడుగుతూ ఉత్తరం రాశానండీ. జవాబు రాలేదు."

"రేపు పదింటికి ప్రారంభం. అట్ట ఖాళీగా ఉంటే మీ కుర్చీ కూడా ఖాళీ అవుతుంది."

ఆయన వెళ్ళగానే నేను అందుకున్నాను. "ఏదో ఒకటి గీకి పారెయ్ మామయ్యా. ఈ చాదస్తంతో ఉద్యోగం ఊడగొట్టుకుంటావా?"

మామయ్య జేబులోంచి, తనకు ముందున్నవాళ్ళు రాసిన నలిగిన పాత అట్ట తీశాడు. "పోయినేడు పాత గదిలో బడిపిల్లలు దీనిమీది పేరు చదివి పడీపడీ నవ్వారు. ఒక్క పిల్ల నవ్వలేదు. 'ఆ బుట్ట మా నాయనమ్మ అల్లింది. ఆ పేరు మాది కాదు, పక్క ఊళ్ళవాళ్ళు ఎగతాళికి పెట్టింది' అంది. అప్పుడే దీన్ని తీసేశాను. ఈమధ్య ఊరు కనుక్కుని, ప్రారంభం ఎప్పుడో కూడా చెప్పి ఆ నాయనమ్మకే రాశాను."

నాకు సిగ్గేసింది.

మర్నాడు తొమ్మిదిన్నరకు ఒక ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని దిగింది. "నాకు రాయడం రాదు నాయనా. దీని చేత రాయిస్తే ఒక ముక్కలో అయిపోయేదే. కానీ అడిగినవాణ్ణి చూడాలనిపించింది."

తమ భాషలో పేరు చెప్పింది. ఏటి మనుషులని అర్థమట. మామయ్య రాశాడు. మనవరాలు అందరికీ వినబడేలా చదివింది.

"ఇంతకీ నిన్నేమని పిలవాలి నాయనా?" అంది ఆవిడ.

మేమంతా తలొంచుకున్నాం. "నన్నింతవరకూ ఎవరూ అడగలేదమ్మా. ఒక్క వారం గడువివ్వండి" అన్నాడు మామయ్య.

మూడు నెలలైంది. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. పేరు లేకుండానే అన్నం తింటున్నాడని అత్తయ్య చెప్పింది.