ఆదివారం మొరాయించే స్కూటరు

నా చిన్నప్పుడు, రాజోలు పక్కన మా ఊళ్లో, ఆదివారం వచ్చిందంటే మా నాన్నగారి స్కూటరుకి జబ్బు చేసేది. వారమంతా ఒక్క కిక్కుకే లేచే బండి, చర్చికి బయలుదేరే వేళకి మాత్రం ఉలకదు, పలకదు. ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయ్యేదాకా నాన్నగారు తన్నుతూనే ఉండేవారు.

ఆయన హైస్కూలు మాస్టారు. పేరు రాయించుకుని ఏళ్లపాటు ఎదురుచూసి కొనుక్కున్న బండి అది. శనివారం సాయంత్రం కాలువ రేవుకి తోసుకెళ్లి, గేదెను కడిగినట్టు, ఇంజను పక్క మూత తీసి మరీ బకెట్లతో నీళ్లు కుమ్మరించి కడిగేవారు. మర్నాడు చర్చి ముందు అది మెరవాలి.

పక్కింటి మామయ్యగారు మెకానిక్కు. ఆదివారం మా అవస్థ చూసి దడి దాటి వచ్చేవారు. ప్లగ్గు ఊడదీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించి తన్నితే బండి లేచేది. ఏమీ పుచ్చుకోకుండా వెళ్లిపోయేవారు. ఊరికే చేయడమే నాన్నగారికి మింగుడు పడలేదు. రోడ్డు పక్కన ఖాళీగా ఉన్న చర్చి షెడ్డులో దుకాణం పెట్టుకుంటానని మామయ్యగారు అప్పుడే అర్జీ పెట్టుకున్నారు. చర్చి కమిటీ కార్యదర్శి మా నాన్నగారే. చెట్టు కిందే స్పానర్లు పరుచుకుని పనిచేసే మనిషికి ఆ షెడ్డే ఆధారం. తనే చెడగొట్టి, తనే బాగుచేసి, మంచివాడనిపించుకుంటున్నాడేమోనని నాన్నగారి మనసుని పురుగు తొలిచింది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ తర్వాత మామయ్యగారు నవ్వినా మాకు ఏదో ఉన్నట్టే కనబడేది. దడిలో సందు పెద్దదైందని అమ్మ అంది. వచ్చే శనివారం బండిని కనిపెట్టి ఉండమని నాన్నగారు నన్ను పురమాయించారు. పదేళ్లదాన్ని, పెద్ద ఉద్యోగం దొరికినట్టు పొంగిపోయాను.

ఆ సాయంత్రం నాన్నగారు బండి కడిగి వసారా పక్కన పెట్టి ప్రార్థన కూటానికి వెళ్లారు. నేను కిటికీ చాటున కూర్చున్నాను. మామయ్యగారు వచ్చారు. సగం తెరుచుకుని ఉన్న ఇంజను మూతను అదిమి, మంచు పడకుండా ఓ గోనెసంచి కప్పి వెళ్లిపోయారు. నాన్నగారు రాగానే, మామయ్యగారు ఇంజను మీద చెయ్యి వేశారని చెప్పాను. అంతవరకే చెప్పాను.

మర్నాడు బండి లేవలేదు. దడి దాటి వస్తున్న ఆయన్ని నాన్నగారు నలుగురిలో ఆపేశారు.

"మీ చెయ్యి దీనిమీద పడకూడదండీ. మా అమ్మాయి అంతా చూసింది. ఆ షెడ్డు సంగతి కూడా మర్చిపోండి."

మామయ్యగారి మొహం పాలిపోయింది. వచ్చే శనివారం ఎప్పటిలాగే కడిగి, బండిని కొబ్బరికాయల గదిలో పెట్టి తాళం వేసుకోమనీ, తను గడప తొక్కననీ చెప్పి వెళ్లిపోయారు.

నాన్నగారు అలాగే చేశారు. తాళంచెవి తలగడ కింద పెట్టుకుని పడుకున్నారు. ఆదివారం గది తెరిచి ఇరవైసార్లు తన్నారు. బండి లేవలేదు. ఆ గదిలోకి ఈగ కూడా దూరలేదని మా అందరికీ తెలుసు. నాన్నగారు తనే దడి దాటి వెళ్లి మామయ్యగారిని పిలుచుకొచ్చారు.

మామయ్యగారు నా అరచెయ్యి చాపమన్నారు. ప్లగ్గు మీది నల్లటి టోపీ ఊడదీసి నా చేతిలో దులిపారు. రెండు నీటిబొట్లు రాలాయి. కరెంటు ఆ తడిలోంచి జారిపోతోందనీ, మెరుపు పుట్టడం లేదనీ, సోమవారానికి ఆరిపోయి బండి మామూలవుతోందనీ నెమ్మదిగా చెప్పారు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నాన్నగారు అడిగారు.

"చెబుదామనే అనుకున్నానండీ. అంత ముచ్చటగా కడుక్కుంటన్నారు. మాస్టారికి మనం చెప్పేదేంటని ఊరుకున్నానండీ."

తర్వాత నా వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు.

"ఆవేళ ఇంకేం చూసేవమ్మా?"

గోనెసంచి సంగతి అప్పుడు చెప్పాను. నాన్నగారు తల దించుకున్నారు. ఆ వేళ చర్చికి ఆలస్యంగా వెళ్లాం. ముందు షెడ్డు కాగితం మీద సంతకం పెట్టి, దాన్ని మామయ్యగారి చేతికిచ్చి క్షమించమని అడిగాకే నాన్నగారు బయలుదేరారు.

చిన్నపిల్ల, మర్చిపోయి ఉంటుందని అందరూ సరిపెట్టుకున్నారు. మామయ్యగారు కూడా ఆ మాటే అని నన్ను దగ్గరికి తీసుకున్నారు. నేను మర్చిపోలేదు. మొదటి సగం చెప్పగానే నాన్నగారు మెచ్చుకోలుగా నా తల నిమిరారు. రెండో సగం చెబితే ఆ చెయ్యి తీసేస్తారని భయపడ్డాను. తర్వాత నేనూ టీచరునై, పిల్లలు ఒకరిమీద ఒకరు చాడీలు మోసుకొచ్చినప్పుడల్లా ఇంకేం చూశావని అడిగేదాన్ని. బయటికి చెప్పుకోవడం మాత్రం ఇదే మొదటిసారి: ఆ రోజు అబద్ధం ఒక్కటీ ఆడకుండానే ఓ మంచి మనిషిని దొంగని చేశాను.