సిలిండరు మూత

వంటింట్లో గ్యాసు వాసన వస్తోందని చెబితే, డోన్‌లో సిలిండర్లు ఇచ్చేవాడు రెండుసార్లు తోసిపారేశాడు. "వాసన నీ ముక్కులోనే ఉండాదిలే పెద్దాయనా" అన్నాడు నలుగురి ముందర. ఆ నవ్వు నేను మరవలేదు. రెగ్యులేటరు పీకి, వదులైపోయిన మూతను కూడా దారం తెంపి, రెండూ సాక్ష్యంగా సంచిలో వేసుకుని, పైవాళ్ళకే చూపిద్దామని కర్నూలు బస్సెక్కాను.

పక్క సీటులో బురఖా వేసుకున్న ఒక పెద్దామె కూర్చుంది. అడగకపోయినా ఆమెకు అంతా చెప్పి, సంచి విప్పి చూపించాను. ఆమె మూతను చేతిలోకి తీసుకుంది.

"ఏమప్పా, మూత ఈడుంటే, ఆడ సిలిండరు నోటికి ఏముండాది?"

"ఏమీ లేదు" అన్నాను.

"ఇంట్లో ఎవరుండారు?"

"నా భార్య." ఆ రోజు శుక్రవారం. ఆమె తలస్నానం చేసి దీపం వెలిగించే వేళ.

"గ్యాసు ఆ నోట్లోంచే వస్తాంటే? ఫోన్ చెయ్యి. అగ్గిపెట్టె, స్విచ్చి, ఏదీ ముట్టుకోవద్దను."

రెండుసార్లు చేసినా ఎత్తలేదు. ఫోను చేతిలోంచి జారితే పెద్దామే పట్టుకుని మళ్ళీ నొక్కింది. ఈసారి నా భార్య పలికింది.

"అగ్గిపెట్టె ఎతుకుతాండా. యాడ పెట్టినావు?"

"బయటికి రా!" అని అరిచాను. బస్సంతా తిరిగి చూసింది. వాకిట్లోకి వచ్చానని నా భార్య చెప్పేదాకా ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు.

పెద్దామె మూతను నా గుప్పిట్లో పెట్టి, "ఫిర్యాదు రేపిచ్చుకో. ఈడనే దిగప్పా" అంటూ కండక్టరును కేకేసి బస్సు ఆపించింది.

ఫిర్యాదు మరునాడే ఇచ్చాను. అందులో మూత సంగతి మాత్రం రాయలేదు.