ముప్పై ఒకటిలో పదహారు పోతే

నేను కెమిస్ట్రీ టీచర్‌ని. తూచి, కొలిచి చూడనిదేదీ నమ్మొద్దని పిల్లలకు చెప్పే మనిషిని. ఆదివారం చర్చికి వెళ్తాను, ప్రార్థన చేసుకుంటాను. కానీ దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోతాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా బడి చిలకలగూడలో ఉంది. పాత కట్టడం. మొదటి అంతస్తులో ల్యాబ్, దాని వెనక కెమికల్స్ పెట్టే ఇరుకు గది. కిటికీ లేదు. వేసవి సెలవులిచ్చిన రెండో రోజు మధ్యాహ్నం స్టాక్ రాసుకోవడానికి వెళ్లాను. బడి మొత్తానికి నేనూ, కింద ఆయా యాదమ్మా, అంతే. ఫోన్ స్టాఫ్‌రూమ్‌లో చార్జింగ్‌కి పెట్టి వచ్చాను.

గాలికి తలుపు ధడాలున మూసుకుంది. ఉలిక్కిపడ్డాను. చేతిలోని అమ్మోనియా సీసా జారి పగిలింది.

ఆ తలుపుకి లోపలివైపు పిడి ఎప్పుడో ఊడిపోయింది. బయటినుంచి ఎవరైనా తీయాల్సిందే.

కళ్లు భగ్గున మండాయి. ఊపిరి పీలిస్తే గొంతు కోసుకుపోతోంది. తలుపు బాదాను, యాదమ్మను పిలిచాను. గేటు దగ్గర కూర్చునే మనిషికి ఏం వినిపిస్తుంది? అమ్మోనియా గాలికంటే తేలిక కాబట్టి నేలమీద బోర్లా పడుకుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తలుపు కింది సందుకి మొహం ఆనించాను.

అప్పుడు వెనక గోడ అవతలినుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"భాస్వరం. ద్రవ్యరాశి సంఖ్య ముప్పై ఒకటి. న్యూట్రాన్లు పదహారు. ప్రోటాన్లు ఎన్ని?"

ఎవరో పిల్ల వెక్కుతున్న చప్పుడు.

"చెప్పు. నువ్వు చెప్పేదాక ఒక్కరు సుత బయటికి పోరు."

ముందు ప్రాణం లేచొచ్చింది. పక్కన మనుషులున్నారు కదా అనుకున్నాను. "మేడమ్, తలుపు తీయండి" అని అరిచాను. ఆమె అదే ప్రశ్న, అదే తీరుగా, మళ్లీ అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ గోడ వెనక గది లేదు. కింద వీధి సందు, అంతే. పైగా మా బడిలో తెలుగు మీడియం ఎత్తేసి చాలా ఏళ్లయింది.

ఎన్నిసార్లు అడిగిందో తెలియదు. ఒక్కరు సుత బయటికి పోరు అన్నప్పుడల్లా ఆ మాట నాకే తగులుతున్నట్టు ఉంది. చివరికి దగ్గుతూ, మిగిలిన గొంతుతో చెప్పాను.

"పదిహేను. ముప్పై ఒకటిలోంచి పదహారు తీసెయ్యాలి. పదిహేను."

గోడ అవతల వెక్కిళ్లు ఆగాయి.

"మంచిది. పొండి ఇగ."

బెంచీలు జరిగాయి. పాదాలు, చాలా పాదాలు, ల్యాబ్ మీదుగా పరుగెత్తాయి. నా మొహం తలుపు సందు దగ్గరే ఉంది. చప్పుడు నా ముందునుంచే పోయింది. సందులో వెలుతురు మాత్రం ఒక్కసారి కూడా చెదరలేదు.

ఆ తర్వాత కాసేపటికి నా దగ్గు విని యాదమ్మ తలుపు తీసి నన్ను బయటికి లాగింది. నల్లా కింద కళ్లు కడిగింది, ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. నాలుగు రోజులు దగ్గాను.

దారిలో ఆటోలోనే అడిగాను, పైకి ఎందుకొచ్చావని. నేను విన్నదేమీ ఆమెకు చెప్పలేదు.

"పిల్లలు ఉరుక్కుంట దిగుతున్న చప్పుడైంది మేడమ్. సెలవులల్ల పిల్లలేందని మెట్లెక్కిన. చప్పుడు నా పక్కపొంటే పోయింది. ఒక్కరు సుత కనవడలే."

మళ్లీ తనే అంది, "ఆఖర్ల ఒక్క పిల్ల మెల్లగ దిగింది. ముక్కు ఎగవీల్చుకుంట."

అమ్మోనియా తలకెక్కి నాకు ఏవేవో వినిపించాయని మా ఆయన అంటారు. కావచ్చు. కానీ యాదమ్మ పీల్చింది బయటి గాలే. దీనికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. ఒకటి మాత్రం చేస్తున్నాను. క్లాసులో ఏ పిల్లయినా జవాబు రాక నిలబడిపోతే, జవాబు నేనే చెప్పి కూర్చోబెడుతున్నాను.